తలుపు కొట్టి లోపలికి

మార్చి 4, మంగళవారం

పొద్దున మంచు. ఎదురుగా ఉన్న నీళ్ల ట్యాంకు కూడా కనిపించలేదు. తొమ్మిది దాటాక విడింది. కోళ్ల షెడ్డు కడిగే పని పెట్టుకున్నాం. పెట్టుకున్నాం అని రాశాను గాని కడిగింది మా ఆవిడ. నేను బయట మోటారు దగ్గర నిలబడి పైపు మెలి పడకుండా చూశాను. అది మెలి పడే రకం పైపు కాదు.

ఇలా రోజూ కాస్త రాయమని కౌన్సెలర్ మేడమ్ చెప్పారు. ఎవరికీ చూపించక్కర్లేదట, ఆమెకి కూడా. చూపించని దానికి రాయడం ఎందుకు అన్నాను. మీరు మాట్లాడుతూ మాట్లాడుతూ సగంలో ఆపేస్తారు, మిగతా సగం ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా అన్నారు. మనిషికి మాట వచ్చు.

మధ్యాహ్నం మా ఆవిడ తడిసిన బట్టలతో బయటికి వచ్చి, పైపుకి కాపలా బాగా కాశారు, ఎవరూ ఎత్తుకుపోలేదు అంది.

మార్చి 6, గురువారం

మేడమ్‌తో రెండో వీడియో కాల్. ఇంట్లో నెట్‌వర్క్ నిలవదు. బావమరిది వ్యాను షెడ్డుకీ రోడ్డుకీ మధ్య ఆపితే అందులో బాగా వస్తుంది. బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు, దాణా బస్తాలు తోలుతాడు. గురువారం మధ్యాహ్నం నాకు వ్యాను అప్పగించి తను మా ఇంట్లో భోంచేస్తాడు. నీ మనసు కుదుటపడేలోపు నా పొట్ట పెరిగిపోయేలా ఉంది బావా అంటాడు.

ఈ కౌన్సెలింగ్ పెట్టించింది వాడే. నేను తిండి తగ్గించేసి గోడకేసి చూస్తూ కూచుంటున్నానని వాళ్లక్క చెబితే, నా ఫోన్‌లో యాప్ వేసి వివరాలన్నీ తనే నింపాడు. సమస్య ఏమిటి అన్న చోట ‘కోళ్లు’ అని కొట్టాడు. దాంతో మొదటి రోజు మేడమ్ చాలా మెల్లగా, మీకు కోళ్లంటే భయమా అని అడిగారు. ఇరవై ఏళ్లుగా పెంచుతున్నానన్నాను. అయితే గుడ్లు బాగా వస్తాయా అన్నారు. మావి మాంసం కోళ్లు, గుడ్డు పెట్టే వయసు దాకా ఉండవు అని చెప్పాను. రాసుకున్నారు.

ఇవాళ జనవరిలో జరిగింది చెప్పమన్నారు. చెప్పాను. ఇక్కడా పెడతాను.

రోగం వచ్చింది. రెండు ఊళ్ల అవతల మొదలై మా షెడ్డు దాకా వచ్చింది. ల్యాబ్ రిపోర్టు వచ్చిన మర్నాడే, ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడ్చడానికి సర్కారు టీమ్ దిగింది. అందరికీ తెల్ల సూట్లు, మాస్కులు, పెద్ద పెద్ద కళ్లద్దాలు. వాళ్లని చూసి కోళ్లు బెదిరాయి. కోడి బెదిరితే మూలకి పరిగెడుతుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్ప పడతాయి, అడుగున ఉన్నవి ఊపిరాడక చస్తాయి. అందుకే మా పనిలో ఎవరూ షెడ్డులోకి ఊరికే దూరరు. కోడిపిల్లలు దిగిన రోజు నుంచీ తలుపు కొట్టి, ఒక్క క్షణం ఆగి వెళ్తాం. వారం తిరిగేసరికి వాటికి అలవాటవుతుంది. చప్పుడు వినగానే సర్దుకుని, దారిచ్చి, నిలబడతాయి.

టీమ్ డాక్టరు, మిమ్మల్ని చూస్తే బెదరవు కదా, మీరు ముందు వెళ్లండి అన్నాడు. ఆయన తప్పేం లేదు. కుప్ప పడితే ఇంకా ఘోరంగా చచ్చేవి. నేను తలుపు కొట్టాను. అవి నిలబడ్డాయి. నేను పట్టి అందించాను, వాళ్లు బయటికి మోశారు. షెడ్డు పక్కన గొయ్యి, సున్నం, పైన మట్టి. సాయంత్రానికి అయిపోయింది.

అప్పటి నుంచి నేను లోపలికి వెళ్లలేదు.

నెట్‌వర్క్ పోయిందేమో అనుకుని హలో అన్నాను. వింటున్నాను అన్నారు మేడమ్.

మార్చి 9, ఆదివారం

రాయడానికి ఏమీ లేదు. గాలి.

మార్చి 13, గురువారం

ఇవాళ మేడమ్ ఊపిరి కసరత్తు నేర్పారు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి పీల్చాలి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. నాకు రెండు దాటలేదు. ఛాతీలో నొప్పేమైనా ఉందా అని ఆమె కంగారు పడ్డారు. ఏమీ లేదు. షెడ్డులో పనిచేసేవాడెవడూ గట్టిగా పీల్చడు. రెట్ట ఘాటు కళ్లు మండిస్తుంది, గొంతు పట్టుకుంటుంది. పైపైన పీల్చి పైపైన వదిలేస్తాం. ఇన్నేళ్లుగా నేను ఇంట్లో కూడా అలాగే పీలుస్తున్నానని ఇవాళే తెలిసింది.

ఇప్పుడు షెడ్డు ఖాళీయే కదా, ఘాటు లేదు కదా అన్నారు మేడమ్. నిజమే. వ్యాను అద్దం దించి మళ్లీ ప్రయత్నించాను. దాణా దుమ్ము లోపలికి పోయి దగ్గొచ్చింది. ఆమె ఆగమన్నారు.

బావమరిది చెయ్యి కడుక్కుని వచ్చి, ఈ వారం పాఠం ఏంటి బావా అన్నాడు. ఊపిరి పీల్చడం అన్నాను. ఈ వయసులో ఒకటో క్లాసులో వేశారన్నమాట, పాసవుతావులే అన్నాడు.

మార్చి 17, సోమవారం

ఎండ. కంపెనీ సూపర్‌వైజరు బండి మీద వచ్చాడు. పిల్లల్నీ దాణానీ కంపెనీ ఇస్తుంది, మేం పెంచి అప్పగిస్తాం, అదీ ఏర్పాటు. కాళ్లకి కవర్లు తొడుక్కుని షెడ్డంతా చూసి వచ్చాడు. అంతా క్లియర్ అంకుల్, ఏప్రిల్ రెండో వారంలో పిల్లల్ని దింపుతాం అన్నాడు. ఆలోచించుకుని చెబుతానన్నాను. ఇందులో ఆలోచించడానికి ఏముంది అంకుల్, ఈసారి వద్దంటే మీ షెడ్డు లైన్లోంచి పోతుంది, మీ వెనక ఎంతమంది నిలబడి ఉన్నారో తెలిస్తే కళ్లు తిరుగుతాయి అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ, దింపు బాబూ అంది.

అతను వెళ్లాక నా మీద కోప్పడలేదు. అరుగు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ చెప్పింది. కడగడం నేనే కడిగాను, సున్నం కూడా నేనే కొడతాను, పిల్లలు వచ్చాక మాత్రం ఒక్కదాని వల్ల కాదు, బస్తాలు నేను ఎత్తలేను. పిల్లలు దిగేలోపు మీరు లోపలికి వస్తే ఈ పని మనకి ఉంటుంది. రాకపోతే ప్లాస్టిక్ డ్రమ్ముల ఆయనకి గోడౌన్‌గా ఇచ్చేద్దాం, నేను ప్యాకింగ్ పనికి పోతాను, మీరు ఆ డ్రమ్ములకి కాపలా ఉందురుగాని, ఎలాగూ పైపు దగ్గర చెయ్యి తిరిగింది కదా అంది.

నవ్వొచ్చింది. కాసేపటికి పోయింది.

మార్చి 20, గురువారం

మేడమ్‌కి ఏప్రిల్ సంగతి చెప్పాను. క్యాలెండరు చూసుకున్నారు. ఒక్కసారే లోపలికి పోనక్కర్లేదు, ముందు షెడ్డు దాకా నడవండి, అది కుదిరాక తలుపు దాకా, ఆ తర్వాత తలుపు తీసి బయటే నిలబడండి అన్నారు. కొత్త దాణా అలవాటు చేసినట్టు, పాతదాంట్లో కొంచెం కొంచెం కలిపి అన్నాను. అంతే అన్నారు. ఇద్దరం ఒకే మాట మీద ఉండటం ఇదే మొదలు.

ఆమె వెనక తెల్ల గోడ, పుస్తకాల అర. ఒక్కోసారి కింది నుంచి ఒక పిల్లి తోక నడిచి వెళ్తుంది. దాన్ని పిల్లల దగ్గరికి రానివ్వకండి అనబోయి ఆగాను. అక్కడ కోడిపిల్లలెందుకుంటాయి.

మార్చి 24, సోమవారం

తలుపు దాకా వెళ్లాను. చెయ్యి దానంతట అదే లేచింది, కొట్టడానికి. లేచి అక్కడే ఆగింది. కొట్టకుండా ఆ తలుపు తీయడం నా చేతికి రాదు. కొడితే లోపల ఏదీ సర్దుకోదు, ఏదీ నిలబడదు. అది వినడం నాకిష్టం లేదు. చాలాసేపు అలాగే ఉన్నాను. మా ఆవిడ సున్నం బకెట్‌తో వెనక నుంచి వచ్చి, ఎవరూ లేని ఇంటికి అంత మర్యాద దేనికండీ అంది.

చెయ్యి దించుకుని వచ్చేశాను.

మార్చి 25, మంగళవారం

అలాగే.

మార్చి 26, బుధవారం

అలాగే. ఇవాళ చెయ్యి కూడా లేవలేదు.

మార్చి 27, గురువారం

నాకు అర్థం కావడానికే అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి అంటూ మేడమ్ ఒక ప్రశ్న వేశారు. ప్రతి బ్యాచ్ చివరా కోళ్లు లారీ ఎక్కి వెళ్తాయి కదా. అక్కడా చావడానికే కదా. ఇన్నేళ్లూ మీరే పట్టి అందించారు కదా. మరి జనవరిలో తేడా ఏమిటి?

ఫోన్ పెట్టేశాను.

ఇంట్లోకి వస్తే బావమరిది ఇంకా తింటున్నాడు. అప్పుడే అయిపోయిందా అన్నాడు. మాట నచ్చలేదు, పెట్టేశాను అన్నాను. అదృష్టవంతుడివి బావా, మాట నచ్చకపోతే పెట్టేసే బటన్ నీకుంది, మా అక్కతో మాట్లాడేటప్పుడు నాకు ఏనాడూ దొరకలేదు అన్నాడు. వాళ్లక్క గరిటె చూపించింది.

మార్చి 30, ఆదివారం

ఆ ప్రశ్న వదలడం లేదు. ఇన్నేళ్లలో నేను వేసుకోనిది. వేసుకుంటూ కూచుంటే ఈ పని సాగదు. కోడిని తినేవాడికి కోసేవాడు కనపడడు. కోసేవాడికి నేను కనపడను. నాకు లారీ వెనక తలుపు వరకే కనపడుతుంది. అది మూసుకుంటే నా పని అయిపోయినట్టు. లారీ రోడ్డెక్కి మలుపు తిరిగాక షెడ్డులోకి వెళ్లి, దీపాలు ఆర్పి, పైపు లైనులో నీళ్లు వదిలేస్తాను. తర్వాత కొన్నాళ్లు ఖాళీ. ఆ ఖాళీ నాకు హాయిగా ఉంటుంది. అవి వెళ్లాయి, నేను కడుక్కుంటున్నాను, అంతే లెక్క.

జనవరివి ఎక్కడికీ వెళ్లలేదు. షెడ్డు పక్కనే ఉన్నాయి. ఒకసారి మట్టి కుంగితే మళ్లీ పోశాం. మోటారు వేయడానికి నేను వెళ్లేది దాని పక్క నుంచే. ఎవరో వచ్చి తీసుకెళ్లాల్సినవి తీసుకెళ్లకుండా పోయినట్టు ఉంటుంది. పని మధ్యలో ఉన్నట్టు ఉంటుంది. మధ్యలో ఉన్న పనిని వదిలి కొత్త పిల్లల్ని ఎలా దింపను?

ఇంత రాశాక మేడమ్‌కి మెసేజ్ పెట్టాను. లారీ ఎక్కినవి వెళ్తాయి, ఇవి వెళ్లలేదు, తేడా అదీ అని. సాయంత్రం జవాబు వచ్చింది. ఇప్పుడు అర్థమైంది, ఫోన్ పెట్టేసినందుకు నేనేమీ అనుకోలేదు, గురువారం రండి అని.

ఏప్రిల్ 2, బుధవారం

పొద్దుటి నుంచి వాన వచ్చేలా ఉంది. పదింటికి ఊక ట్రాక్టరు వచ్చింది. పిల్లలు దిగే ముందు నేలంతా ఊక పరుస్తాం. తడిస్తే బూజు పడుతుంది, బూజు ఊక మీద పిల్లలు బతకవు. అందుకని చినుకు పడేలోపు బస్తాలన్నీ లోపలికి చేరాలి. ట్రాక్టరు ఆయన, బావమరిది, మా ఆవిడ, నేను. నేను ట్రాక్టరు నుంచి తలుపు దాకా మోయాలి, అక్కడి నుంచి వాళ్లు అందుకోవాలి అని అనుకున్నాం.

తల మీద బస్తా ఉంటే కాళ్ల ముందు నేల తప్ప ఏమీ కనపడదు. ఎంత నడిచినా ఎవరూ అందుకోవడం లేదు. కాళ్ల కింద మట్టి పోయి సిమెంటు వచ్చింది. ఏమిటిది అని బస్తా దించి చూస్తే షెడ్డు మధ్యలో ఉన్నాను.

తలుపు లేదు. ఊడదీసి బయట గోడకి ఆనించి ఉంది.

సున్నం కొట్టిన గోడలు. పైకప్పు రేకుల మీద మొదటి చినుకులు. గట్టిగా ఊపిరి పీల్చాను. మేడమ్ చెప్పారని కాదు, బస్తా మోసిన ఆయాసం. సున్నం వాసన. ఇంకేమీ లేదు. వెనక నుంచి బావమరిది, దారిలో నిలబడి ఫొటోకి ఫోజివ్వకు బావా, ఊక తడిసిపోతోంది అన్నాడు. తప్పుకుని ఇంకో బస్తాకి వెళ్లాను.

ఏప్రిల్ 3, గురువారం

మేడమ్‌కి చెప్పాను. తలుపు లేకపోవడం వల్ల వెళ్లిపోయానన్నాను. ఆమె నవ్వారు. ఆమె నవ్వగా చూడటం ఇదే మొదటిసారి. నా ప్లానులో ఇది లేదు, తలుపు ఎవరు తీశారు అని అడిగారు. కీలు తుప్పు పట్టిందని మా ఆవిడ తీసిందట అన్నాను.

కాల్ అయ్యాక వెళ్లి కీలు చూశాను. తుప్పేం లేదు. నూనె వేసి ఉంది. మా ఆవిడని అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

తలుపు బిగించాను. ఊక పరిచాం. హీటర్లు వెలిగించి చూసుకున్నాం, ఒకటి పనిచేయలేదు, బావమరిది తీసుకెళ్లి బాగు చేయించాడు. షెడ్డు తలుపు పగలంతా తెరిచే ఉంచుతున్నాం. వస్తున్నాను, పోతున్నాను.

ఏప్రిల్ 12, శనివారం

తెల్లారి చల్లగా ఉంది. హీటర్లు ముందే వేసి ఉంచాం. ఏడింటికి పిల్లలు దిగాయి. ఊక మీద కాగితం పరిచి, దాని మీద దాణా చల్లి, డబ్బాలు మెల్లగా ఒంపాం. పిల్ల కాళ్లు చెంపకి ఆనించి చూస్తాం. కాళ్లు చల్లగా ఉంటే నేల చల్లగా ఉన్నట్టు. థర్మామీటరు గోడకి వేలాడుతూనే ఉంటుంది, అయినా చెంపనే నమ్ముతాం. వెచ్చగానే ఉన్నాయి. మా ఆవిడ కూడా ఒకదాన్ని చెంపకి పెట్టుకుంది, చాలాసేపు దించలేదు. వేడి తెలియడానికి అంతసేపు పట్టదు.

సూపర్‌వైజరు, అంకుల్ ముఖం కళగా ఉంది ఆంటీ అన్నాడు. అద్దం చూపించకు, నమ్మేస్తారు అంది మా ఆవిడ.

నేను తలుపు కొట్టలేదు. చేతుల నిండా డబ్బాలున్నాయి.

ఏప్రిల్ 17, గురువారం

కాల్ బాగానే జరిగింది. నిద్ర పడుతోందా అంటే పడుతోందన్నాను. తింటున్నారా అంటే బావమరిదితో పోటీ పడలేను గాని తింటున్నానన్నాను. ఒక్కటి చెప్పలేదు.

తలుపు కొట్టడం లేదు. మొదటి రోజు చేతులు ఖాళీ లేక. తర్వాత చేతులు ఖాళీగానే ఉన్నాయి. ఈ బ్యాచ్‌కి నేను ఆ చప్పుడు నేర్పను. మళ్లీ ఏదైనా వస్తే, మళ్లీ ఎవరైనా మీరు ముందు వెళ్లండి అంటే, నా చప్పుడుకి నిలబడే కోడి ఒక్కటి కూడా ఉండకూడదు.

ఏప్రిల్ 21, సోమవారం

మా ఆవిడ తలుపు కొడుతుంది. ఆమె చప్పుడుకి అప్పుడే నిలబడుతున్నాయి. నేను వెళ్తే చెదురుతాయి. సొంత షెడ్డులోకి దొంగలా దూరతారేంటండీ అంది. పిల్లి అడుగులు వేస్తాను, అవి చూడకముందే పని చేసుకుని వచ్చేస్తాను అన్నాను. పిల్లి అడుగులకే కదా కోళ్లు భయపడేది అంది.



ఏప్రిల్ 26, శనివారం

మధ్యాహ్నం గాలి లేచింది. మా ఆవిడ రేకుల మేకుల కోసమే షాపుకి వెళ్లింది. నేను మోటారు దగ్గర ఉన్నాను. పైకప్పు చివర రేకు ఒకటి లేచి దభాలున పడింది. లోపల ఒక్కసారిగా రెక్కల చప్పుడు. అవి అవతలి మూలకి పరిగెత్తి ఉంటాయి. అప్పుడు చేయాల్సింది ఒకటే. తలుపు కొట్టి, ఆగి, నెమ్మదిగా వెళ్లి కుప్పని విడదీయాలి. నేను పరిగెత్తుకెళ్లి తలుపు తోసేశాను.

కుప్ప విడిపోతోంది అప్పటికే. నన్ను చూసి మళ్లీ బెదిరాయి. అన్నీ కలిసి ఇంకో మూలకి పోయి పడ్డాయి. మొదటి దానికంటే పెద్ద కుప్ప. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా తీసి పక్కకి వేశాను. తీసేకొద్దీ వెనక నుంచి ఎక్కుతున్నాయి. అడుగువి తీసేసరికి మెత్తగా ఉన్నాయి.

ఎన్ని పోయాయో రాయను. ఒక బకెట్ అనుకుంటే చాలు.

మా ఆవిడ వచ్చి బకెట్ చూసింది, తలుపు చూసింది, నన్ను చూసింది. మీ చేత్తో చావకూడదనుకున్నారు, ఇవి ఎవరి చేత్తో చచ్చాయండీ అంది. గట్టిగా అనలేదు. మేకుల పొట్లం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది. వెళ్లే ముందు తలుపు కొట్టింది.

రేకు బిగించి దిగాను. వాన పడలేదు.

మే 1, గురువారం

మొత్తం చెప్పాను. మీ తప్పు కాదులెండి అంటారేమో అని చూశాను. అనలేదు. అందుకు మేడమ్ మీద గౌరవం కలిగింది.

మీరు తలుపు కొడితే కోడికి ఏం తెలుస్తుంది అని అడిగారు. వచ్చేది నేనని తెలుస్తుందన్నాను. ఇంకా? అన్నారు. ఇంకేం తెలుస్తుంది, దానికి అంత బుర్ర ఎక్కడిది అన్నాను. నేను మీకేమీ చెయ్యనని మాటిచ్చినట్టు తెలుస్తుందా? అన్నారు. ఎలా తెలుస్తుంది, దాణా పోయడానికీ అలాగే కొడతాను, సూది వేయడానికీ అలాగే కొడతాను, లిఫ్టింగ్ రోజు లారీ కోసం పట్టేటప్పుడూ అలాగే కొడతాను. ఎవరు వచ్చారన్నదే దానికి తెలుస్తుంది, ఎందుకొచ్చారన్నది తెలియదు.

ఇంత నేను ఒకేసారి ఎప్పుడూ మాట్లాడలేదు. అయితే జనవరిలో మీరు వాటికి అబద్ధం చెప్పలేదన్నమాట అన్నారు. అప్పుడే బొమ్మ నిలిచిపోయింది. ఆమె నోరు సగం తెరిచి, పిల్లి తోక గడ్డం దగ్గర. మళ్లీ వచ్చేసరికి కరెంటు పోయిందని సారీ చెప్పారు. టైమ్ అయిపోయింది. వచ్చే వారం అన్నారు.

వ్యానులో కాసేపు కూర్చున్నాను. బావమరిది వచ్చి అద్దం మీద కొట్టాడు. ఏం బావా, వ్యాను నాకిస్తావా, ఇక్కడే కాపురం పెడతావా అన్నాడు.

మే 2, శుక్రవారం

తలుపు కొట్టాను. అవి చెదిరాయి. ఆగి వెళ్లాను.

మే 6, మంగళవారం

ఎండ ముదిరింది. గాలి ఆడేలా షెడ్డు పక్కల పరదాలు పూర్తిగా ఎత్తేశాం. రేకుల మీద నీళ్లు చల్లుతున్నాను. పొద్దున కొడితే సగం నిలబడ్డాయి. సాయంత్రం ఇంకొన్ని. పెద్దవి అయ్యాక నేర్పడం కష్టం, కానీ మా ఆవిడ చప్పుడు అలవాటు ఉంది కాబట్టి కుదురుతోంది. నేను ఆమె కంటే గట్టిగా కొడతానట. అప్పులవాళ్లలా బాదకండి, మెల్లగా అంది. మెల్లగా కొడుతున్నాను.

మే 15, గురువారం

కాల్ మొదలవ్వగానే మా ఆవిడ వ్యాను దగ్గరికి వచ్చి, నేనూ ఒక మాట మాట్లాడొచ్చా అని అడిగింది. మేడమ్ నన్ను అడిగారు, మీకు ఇష్టమేనా అని. దిగిపోయాను. ఆమె నా సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. అద్దం కూడా ఎక్కించుకుంది.

మోకాళ్ల నొప్పికి మందు అడుగుతుందేమో అనుకున్నాను. బయట నీడలో నిలబడ్డాను. బావమరిది కంచం పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. లోపల మా ఆవిడ చేతులు తిప్పుతూ మాట్లాడుతోంది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. జనవరిలో ఆ రోజు ఆమె ఎక్కడుందో నేను ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, నాకు తట్టనూ లేదు. వాకిట్లో సున్నం బస్తాలు విప్పి ఇస్తూ ఉంది. తర్వాత షెడ్డు మొదటిసారి కడిగిందీ ఆమే. లోపల ఏమేం ఉన్నాయో నేను చూడలేదు. ఆమె చూసింది.

బావమరిది మెల్లగా, మనిద్దరం పక్కకి పోదాం పద బావా అన్నాడు. మొదటిసారి జోకు వేయలేదు.

చాలాసేపటికి దిగింది. ఛార్జింగ్ అయిపోతోంది, ఛార్జరు ఎక్కడ పెట్టారు అంది. ఏం మాట్లాడావని అడగలేదు. వచ్చే గురువారం సగం నాది అని చెప్పి ఇంట్లోకి వెళ్లింది.

మే 19, సోమవారం

సూపర్‌వైజరు తూకం చూశాడు. బాగా వచ్చాయి అంకుల్ అన్నాడు. గురువారం తెల్లవారుజామున లిఫ్టింగ్. పట్టేవాళ్లు కంపెనీ మనుషులే వస్తారు. వాళ్లకి కొత్త షెడ్డు, కోళ్లకి కొత్త మనుషులు, ముందు మీరు వెళ్తారా ఆంటీ వెళ్తారా అని అడిగాడు. మా ఆవిడ నా వైపు చూడలేదు. చేతి గోళ్లు చూసుకుంటోంది. నేను వెళ్తానన్నాను.

మే 21, బుధవారం

మేత గిన్నెలు పైకి ఎత్తేశాం. లిఫ్టింగ్‌కి ముందు కడుపు ఖాళీగా ఉండాలి. నీళ్లు ఉంచాం. సాయంత్రం ఊరికే ఒకసారి వెళ్లాను. కొట్టాను, ఆగాను. అన్నీ నిలబడ్డాయి. లోపలి దాకా నడిచి అవతలి గోడ తాకి వచ్చాను. ఘాటు బాగా ఉంది, పైపైనే పీల్చాను. మేడమ్‌కి మెసేజ్ పెట్టాను, రేపు లిఫ్టింగ్, మా ఆవిడ మాట్లాడుతుంది, నా సగం కూడా ఆమెకే ఇవ్వండి అని. సరే అన్నారు. రేపు ఎలా వెళ్తారు అని అడిగారు. తలుపు కొట్టి అని పెట్టాను.

మే 22, గురువారం

లిఫ్టింగ్ అయింది. మొదటి లారీ ఐదుంబావుకి వెళ్లింది. రెండోది ఆరున్నరకి, పట్టినవాళ్లు అందులోనే వెళ్లారు. రోడ్డు మలుపు తిరిగేదాకా చూశాను. అన్నీ వెళ్లాయి.